మొదటి విస్కీ ఏది తీసుకోవాలి? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

కరీంనగర్_కుర్రోడు:
అన్నలూ, నాకు 26. ఇన్నాళ్ళూ అప్పుడప్పుడు బీరే. ఇప్పుడు విస్కీ రుచి తెలుసుకోవాలని ఉంది. కిక్కు కోసం కాదు, నిజంగా రుచి కోసమే. వైన్స్‌లో కౌంటర్ ముందు నిలబడితే వెనకనుంచి జనం తోస్తుంటారు, ఏది ఏంటో చదివే టైమే ఉండదు. ఫ్రెండ్స్‌ని అడిగితే తలా ఒక పేరు చెప్పి, మిగతావన్నీ దండగ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నెల్లూరు_టు_బెంగళూరు:
తమ్ముడూ, బ్రాండ్ కన్నా ముందు దాన్ని దేంతో చేశారో చూడు. మన దగ్గర చవగ్గా దొరికే విస్కీల్లో చాలావాటికి మూలం మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే చెరకు మడ్డి) నుంచి తీసిన స్పిరిట్. అందులో కొంత మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీ), రంగు, ఫ్లేవర్ కలుపుతారు. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు, అక్కడ ధాన్యంతో చేస్తేనే విస్కీ. రుచి కోసం వెతికేవాడికి వీటిలో దొరికేది తక్కువ. బడ్జెట్ తక్కువైతే రాయల్ స్టాగ్, బ్లెండర్స్ ప్రైడ్ చూడు. అవి ధాన్యపు స్పిరిట్‌లో స్కాచ్ మాల్ట్ కలిపి చేసేవి. ఫుల్ బాటిల్ జోలికి పోకు, క్వార్టర్ తీసుకో.

కొంచెం ఎక్కువ పెట్టగలిగితే జేమ్సన్. ఐరిష్ విస్కీ, మూడుసార్లు డిస్టిల్ చేస్తారు కాబట్టి తేలిగ్గా ఉంటుంది, గొంతులో పెద్దగా మంట పెట్టదు. కొత్తవాళ్ళకి నేను మొదట చెప్పేది అదే.

విశాఖ_తీరం:
బాటిలే ఎందుకు కొనాలి? మంచి బార్‌కి వెళ్ళి 30 ఎం.ఎల్. అడగండి. గ్లెన్‌లివెట్ 12 (12 అంటే కనీసం అన్నేళ్ళు పీపాలో ఉంచినది) ఒక స్మాల్, ఇంకోరోజు గ్లెన్‌ఫిడ్డిక్ 12 ఒక స్మాల్. రెండూ స్కాట్లాండ్‌లోని స్పేసైడ్‌వే. పండ్ల వాసన, తేనె లాంటి తీపి, పొగ వాసన ఉండదు. నేను అలాగే నేర్చుకున్నాను. నచ్చని బాటిల్ ఇంట్లో మిగిలిపోయే బాధ లేదు. ఒక్కదాన్నే పర్మిట్ రూమ్‌కి వెళ్ళలేను కాబట్టి నాకు బార్ మరీ నయం.

డల్లాస్_బావ:
ఇక్కడ మా తెలుగువాళ్ళలో కొత్తవాళ్ళకి బోర్బన్ అనే అమెరికా విస్కీ తొందరగా నచ్చుతుంది. కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే ఉంచాలి. అందుకే వెనిలా, తీపి ముందు తెలుస్తాయి. మేకర్స్ మార్క్ అనే బోర్బన్‌లో రై అనే ఘాటైన ధాన్యం బదులు గోధుమ వాడతారు, ఘాటు ఇంకా తక్కువ. ఎవరైనా డ్యూటీ ఫ్రీ నుంచి తెస్తానంటే అది అడుగు.

హన్మకొండ_మల్లన్న:
అందరూ తీపివే చెప్తున్నారు. నాకు మాత్రం విస్కీ అంటే పొగే. స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి తీసే, మండే మట్టి) మంట మీద ఆరబెడతారు, ఆ పొగ రుచి సీసా దాకా వస్తుంది. అక్కడిదే లఫ్రోయిగ్ తాగి చూడు తమ్మీ, జన్మలో మర్చిపోవు.

నెల్లూరు_టు_బెంగళూరు:
మల్లన్నా, నాకూ ఇష్టమే. కానీ మొదటిరోజే లఫ్రోయిగ్ ఇస్తే ఆ అయోడిన్ వాసనకి పిల్లాడు మళ్ళీ విస్కీ ముట్టడు. పొగ ఎలా ఉంటుందో చూడాలంటే ముందు జానీ వాకర్ బ్లాక్ చాలు. అందులో పొగ ఉన్నా అది వెనకెనకే ఉంటుంది. ఐలా సంగతి తర్వాత.

మన సింగిల్ మాల్ట్‌లు (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసేవి) కూడా మర్చిపోవద్దు. బెంగళూరు అమృత్ 2004లో మొదట స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే మార్కెట్‌లోకి వచ్చింది. గోవా పాల్ జాన్, హర్యానా ఇంద్రి కూడా ఉన్నాయి. మన వేడికి పీపాలోంచి ఏడాదికి పది శాతం దాకా ఆవిరైపోతుంది, స్కాట్లాండ్‌లో అది రెండు శాతం దగ్గర ఉంటుంది. ఇక్కడ చెక్క రుచి తొందరగా ఎక్కుతుంది. అందుకని లేబుల్ మీద ఏళ్ళు తక్కువున్నాయని, లేదా అసలు లేవని తీసిపారేయకు.

కరీంనగర్_కుర్రోడు:
చాలా థాంక్స్. కోక్ కలపాలా, సోడానా, ఉత్తదా? బీరు అలవాటు కాబట్టి ఎంత తాగితే ఎంతో కూడా తెలీదు.

విశాఖ_తీరం:
కోక్ పోస్తే కోక్ రుచే తెలుస్తుంది. ముందు వాసన చూడండి, కానీ ముక్కు గ్లాసులో పెట్టేయకండి. చిన్న గుక్క నాలుక మీద కాసేపు ఉంచండి. తర్వాత చెంచాతో కొద్ది కొద్దిగా మామూలు నీళ్ళు కలుపుకుంటూ పోండి, ఘాటు తగ్గి వాసన విచ్చుకుంటుంది. ఐస్ ఎక్కువైతే వాసన చచ్చిపోతుంది. మే నెల ఎండల్లో మాత్రం ఒక ముక్క వేసుకోండి, తప్పులేదు. పక్కన చికెన్ 65 వద్దు, ఆ కారానికి నాలుక మొద్దుబారుతుంది. వేయించిన జీడిపప్పో బాదమో చాలు.

లెక్క ఇది. ఇక్కడి విస్కీ 42.8 శాతం. ఒక లార్జ్ అంటే 60 ఎం.ఎల్., అందులో దాదాపు 26 ఎం.ఎల్. ఆల్కహాల్. 5 శాతం బీరు 650 ఎం.ఎల్. సీసాలో 32 ఉంటుంది. లార్జ్‌లో తక్కువే కదా అనిపిస్తుంది, కానీ బీరు గంటసేపు తాగుతారు, లార్జ్ రెండు గుక్కల్లో అయిపోతుంది. చిక్కంతా అక్కడే. కడుపు ఖాళీగా ఉంచుకోవద్దు, గ్లాసుకి గ్లాసు నీళ్ళు తాగండి, బండి ఇంట్లోనే వదిలెయ్యండి. షుగర్ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు.

హన్మకొండ_మల్లన్న:
సరే, జేమ్సన్‌తోనే కానీ తమ్మీ. క్వార్టర్ దొరక్కపోతే హాఫ్ తీసుకో. మిగిలింది మూత గట్టిగా పెట్టి, ఎండ తగలనిచోట నిలబెట్టి ఉంచు. బిరడా ఉన్న సీసాని పడుకోబెడితే స్పిరిట్ తగిలి బిరడా పాడవుతుంది. సగం పైన ఉన్న సీసా నెలల తరబడి బాగానే ఉంటుంది, ఒక్కరోజులో ఖాళీ చేయాలన్న తొందరేం లేదు.