వానాకాలంలో మరుగుదొడ్డి గుంతలు ఇంకడం లేదు: ఎంత ఎత్తు లేపాలి?

మా మరుగుదొడ్డికి రెండు ఇంకుడు గుంతలు ఉన్నాయి. ఒక్కొక్కటి 1 మీటరు వెడల్పు, 1.2 మీటర్ల లోతు. చుట్టూ సందులు వదిలి కట్టిన ఇటుక గోడ, అడుగున మట్టి. వాడేది ఐదుగురం. వేసవిలో ఏ ఇబ్బందీ ఉండదు గానీ, వర్షాలు మొదలై పది రోజులు గడిచి భూగర్భజలం నేలకు అర మీటరు దిగువకు చేరగానే, పోసిన నీరు బేసిన్‌లోనే గంటల తరబడి నిలిచి దుర్వాసన కొడుతోంది.

గొట్టంలో అడ్డేమీ లేదని వెదురు బద్ద దూర్చి నిర్ధారించుకున్నాము. గొట్టం రెండు గుంతలకూ చీలే చాంబర్‌లో దారి మార్చి, ఏడాదిగా వాడని రెండో గుంతకు మళ్లించాము. మూత తీసి చూస్తే అదీ ఊటనీటితో నిండే ఉంది. మొదటి గుంతలోని నీరు తోడించినా మర్నాటికే మళ్లీ నిండింది. ఇంకా లోతు తవ్వమని మేస్త్రీ అంటున్నారు. తాగునీటి బావి 12 మీటర్ల దూరంలోనే ఉన్నందున అది బావికే ముప్పని నా అభిప్రాయం.

గుంతలను నేలకన్నా ఎత్తులో కట్టి, అడుగు మూసి, చుట్టూ అర మీటరు మందాన ఇసుక నింపే పద్ధతి ఉన్నదని తెలుసు. భూగర్భజలం ఇంత పైకి వచ్చే నేలలో అలా కట్టించుకున్నవారు, గుంతనూ బేసిన్‌నూ నేలమట్టానికి ఎంత ఎత్తు లేపితే వానాకాలమంతా ఇబ్బంది లేకుండా పనిచేసిందో దయచేసి చెప్పగలరా?