ఇంట్లో పాట వినడానికి యాక్టివ్ స్పీకర్లా, పాసివ్ స్పీకర్లా?

మూడోమేడ: అందరికీ నమస్కారం. మాది చిన్న హాలు. ఎక్కువగా కచేరీల రికార్డింగులు, పాత సినిమా పాటలు వింటాను. కెఇఎఫ్ సంస్థ 2020లో తెచ్చిన ఎల్‌ఎస్50 మెటా, ఎల్‌ఎస్50 వైర్‌లెస్ 2 జతల మధ్య తేల్చుకోలేకపోతున్నాను. రెండింటిలోనూ డ్రైవర్ (ధ్వనిని పుట్టించే భాగం) ఒకే తరహాది. మొదటిది పాసివ్, దానికి యాంప్లిఫయర్ విడిగా కొనాలి; రెండోది యాక్టివ్, దానిలో అది లోపలే ఉంటుంది. ఏది తీసుకోమంటారు?

సోల్డర్: వైర్‌లెస్ 2 తీసుకోండి. పాసివ్ స్పీకర్‌లో యాంప్ పంపిన కరెంటు తీగచుట్టలు, కెపాసిటర్లు, రెసిస్టర్లతో కూడిన, మంద్ర ధ్వనులనూ తార ధ్వనులనూ విడదీసే క్రాస్‌ఓవర్‌ను దాటాకే డ్రైవర్లకు చేరుతుంది. ఆ దారిలో కొంత శక్తి వేడిగా పోవడమే కాక, ఊఫర్ (మంద్ర ధ్వనుల డ్రైవర్) మీద యాంప్‌కు ఉండవలసిన పట్టు కూడా సడలుతుంది. యాక్టివ్‌లో ఈ విభజన యాంప్‌కు ముందే జరిగిపోయి, ఒక్కో డ్రైవర్‌కు సొంత యాంప్ నేరుగా తగులుతుంది. ఈ మోడల్‌లో ఊఫర్‌కు 280 వాట్లు, తార ధ్వనుల డ్రైవరైన ట్వీటర్‌కు 100 వాట్లు. మృదంగం ఎడమవైపు తొప్పి మీద మంద్రంగా గుమ్కీ జారేటప్పుడు ఆ పట్టు ఉందో లేదో చెవికి తెలిసిపోతుంది. మెటా సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా మోగుతుందనే కొలత) 85 డెసిబెళ్లే, ఇంపెడెన్స్ (కరెంటుకు అది చూపే నిరోధం) 3.5 ఓమ్‌ల వరకు దిగుతుంది కనుక, దానికి అల్లాటప్పా యాంప్ సరిపోదు.

పాతపెట్టె: మెటా తీసుకోండి. మా ఇంట్లో ఒక యాక్టివ్ జత ఉండేది. వానాకాలంలో కరెంటు పోయి వచ్చిన ఒక రాత్రి కుడివైపు పెట్టె మూగబోయింది. సర్వీసు వాళ్లు దాన్ని వేరే ఊరికి పంపించమన్నారు. పంపిస్తే, ఆ బోర్డు తయారీ ఆగిపోయిందని తిప్పి పంపారు. ఊఫర్, ట్వీటర్ నిక్షేపంగా ఉన్నా జత మొత్తం మూలపడింది.

సోల్డర్: స్టెబిలైజర్ పెట్టారా? విడి యాంప్ అయినా ఆ రాత్రి కాలిపోయేదే.

పాతపెట్టె: కాలిపోయేది, కానీ స్పీకర్లు మిగిలేవి.

గోడసాకెట్టు: ఒక మాట. లోపల యాంప్ ఉన్న ప్రతి స్పీకరూ యాక్టివ్ కాదు. చవక జతలలో చాలావాటికి ఒక పెట్టెలోనే యాంప్ ఉంటుంది, క్రాస్‌ఓవర్ మాత్రం మామూలు పాసివ్‌దే. సోల్డర్ గారు చెప్పిన లాభం వాటికి వర్తించదు. అసలైన యాక్టివ్ జతలలో చాలావాటికి రెండు పెట్టెల దగ్గరా ప్లగ్గు పాయింటు ఉండాలి.

సోల్డర్: స్టెబిలైజర్ పెట్టారా లేదా అన్నదానికి ఇంకా జవాబు రాలేదు. ఆయన అడిగింది నాదం గురించి, మీరు చెబుతున్నది మరమ్మతు గురించి.

పాతపెట్టె: పెట్టాను. అయినా పోయింది. నా డబ్బు పోయింది, మీకు పాయింటు దొరికింది! మోగని స్పీకర్‌కు నాదమేమిటండీ?

సోల్డర్: కోపం వద్దండి. డ్రైవర్ స్వభావాన్ని కొలిచి, దానికి తగిన యాంప్‌నూ ఫిల్టర్‌నూ కలిపి కూర్చగలిగేది దాన్ని తయారుచేసిన ఇంజనీరే. మనం బజారులో ఏదో యాంప్ తెచ్చి తగిలిస్తే ఆ పని చెడుతుంది. నా వాదనంతా ఇదే.

పాతపెట్టె: మన తగువు ఇక్కడే ఉంది. మా ఇంట్లో ఏ యాంప్ ఉండాలో, దాన్ని ఎప్పుడు మార్చాలో నిర్ణయించే హక్కు నాది. ఇరవై ఏళ్లు నిలిచే చెక్కపెట్టెకు అంతకాలం నిలవని సర్క్యూట్‌ను ముడిపెట్టి, రెండింటినీ కలిపే పారేయమంటే నేను ఒప్పుకోను, అది ఎంత బాగా మోగినా సరే. పాసివ్ క్రాస్‌ఓవర్‌లో కెపాసిటర్ పోతే మా ఊరి రేడియో మెకానిక్ మార్చేస్తాడు.

సోల్డర్: హక్కు మీదే, కాదనను. ఆ హక్కుకు నాదంలో కట్టే మూల్యం నాకు ఎక్కువనిపిస్తుంది.

మూడోమేడ: ఒక సందేహం. రేపు దాన్ని నడిపే ఫోన్ యాప్ పనిచేయడం మానేస్తే వైర్‌లెస్ 2 మోగుతుందా?

గోడసాకెట్టు: మోగుతుంది. రిమోట్ ఉంది, తీగతో కలిపే ఆప్టికల్, కోయాక్సియల్, హెచ్‌డిఎంఐతో పాటు 3.5 మిల్లీమీటర్ల అనలాగ్ ఇన్‌పుట్ కూడా ఉంది. అయితే అనలాగ్‌లో ఇచ్చినదాన్నీ అది లోపల డిజిటల్‌గా మార్చుకున్నాకే వినిపిస్తుంది.

పాతపెట్టె: అలా మార్చేదీ బోర్డే. కొనే ముందు, విడి బోర్డు ఎన్నేళ్లు దొరుకుతుందో అమ్మేవాళ్ల చేత కాగితం మీద రాయించుకోండి.