తర్పణం వదిలేటప్పుడు ముత్తాత పేరు తెలీలేదు, పెద్దలతో బంధం ఎట్టా కలుపుకోవాలి?

కావలి పిల్లోడు:
అందరికీ నమస్తే. మాది కావలి దగ్గర పల్లె, పదకొండేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం. నాయన పోయి రెండేళ్లయింది. మొన్న మహాలయ అమావాస్యకి నెల్లూరు పోయి రంగనాయకుల గుడి దగ్గర పెన్నలో తర్పణం వదిలాను. పంతులుగారు నాయన పేరు అడిగారు చెప్పాను, తాత పేరు చెప్పాను, ముత్తాత పేరు అనేసరికి నోరు పెగల్లేదు, పక్కనున్న అమ్మకీ తెలీదు. ఇంక ముత్తవ్వ పేరు సంగతి సరేసరి. చేతిలో నువ్వులు నీళ్లు పట్టుకోని అట్టనే నిలబడిపోయా, ఏడుపొచ్చింది. ఎవరి పొలం తిని పెరిగామో ఎవరి ముక్కు నాకొచ్చిందో ఆ మనిషి పేరు కూడా తెలీకపాయె. గోత్రం చెప్పి కానిచ్చారు గానీ ఏదో తంతు ముగించుకోని బస్సెక్కినట్టే ఉండాది నాకు. నేనడిగేది శాస్త్రం ఒక్కటే కాదు, వాళ్లు నిజంగా నా మనుషులని నాకు అనిపించాలంటే, మా పాపకి వాళ్లు తెలియాలంటే ఏం చెయ్యాలి? మీ ఇళ్లల్లో ఎట్టా చేస్తారో చెప్పండి. మేముండేది ఫ్లాట్, బాల్కనీలో ముద్ద పెడితే కాకి కూడా రాదు.

పెన్నా ఒడ్డు:
తమ్ముడూ బాధపడబాక, ఆ చోట చాలామందిమి అట్టనే నిలబడ్డాం. మూడు పేర్లు అడగటంలో ఒక లెక్క ఉంది, తండ్రిని వసురూపం అని, తాతని రుద్రరూపం అని, ముత్తాతని ఆదిత్యరూపం అని చెప్పించి నీళ్లు వదిలిస్తారు కదా. రేపు నీ తర్వాత మీ పాప వాళ్లు తలుచుకునేటప్పుడు మీ తాత ఆ మూడో చోటికి పోతాడు. అంటే మీ ముత్తాత పేరు పలికే ఆఖరి మనిషివి నువ్వే, అందుకే ఆ పేరు వెతుకు అంటున్నా. ఎక్కడంటే పాత దస్తావేజుల్లో. పొలం కొన్నా అమ్మినా "ఫలానా వారి కుమారుడు ఫలానా" అని రాస్తారు కాబట్టి తాత పేరున్న కాగితం ఒక్కటి దొరికితే ముత్తాత పేరు దొరికినట్టే. మా అమ్మ వాళ్లది కందుకూరు, 1970లో ఒంగోలు జిల్లా (ఇప్పటి ప్రకాశం) ఏర్పడిందాకా అది నెల్లూరు జిల్లానే, పాత కాగితాల మీద నెల్లూరు అనే ఉంటది, ఆ సంగతి తెలీక నేను రెండు నెలలు తిరిగా. తిథి తెలీనోళ్లందరికీ మహాలయ అమావాస్య ఉండనే ఉంది, దాని గురించి దిగులొద్దు.

గుండ్లకమ్మ:
అన్నా మేము ఒంగోలు బాప్టిస్టులం, మాకు తద్దినాలు లేవు, అయినా మీ ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయా. ధాత కరువు అని మా నాయనమ్మ చెప్పేది, 1876-78 కరువు, తినటానికి గింజ లేక మా వాళ్లు బకింగ్‌హాం కాలవ తవ్వే పనికి పోయారంట, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకోని కూలీ ఇప్పించిన రోజులు అవి. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తీస్మం తీసుకున్నారు, అందులో మా వాళ్లూ ఉన్నారని మా ఇంట్లో మాట. వాళ్ల పేర్లు మాకూ తెలీవు. పోయినేడు మా వాడిని తీసుకోని ఆ యేట్లో కాళ్లు తడుపుకోని ప్రార్థన చేసుకున్నాం, అక్కణ్ణించి కాలవ కట్టకి పోయాం. తట్టలో మట్టి ఎత్తి మొయ్యరా అన్నా. ఇరవై అడుగులు మోసి దించేశాడు, రోజంతా ఇట్టనే మోసేవాళ్లా నాయనా అన్నాడు. ఆ రాత్రి పడుకునేదాకా వాళ్ల గురించే అడిగాడు, అప్పటిదాకా ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టనోడు.

అల్లూరు ఆడపడుచు:
పెన్నా ఒడ్డు అన్న చెప్పింది బాగుంది గానీ దస్తావేజుల్లో ఆడవాళ్లు ఎంతమంది కనపడతారు అనా? వాళ్ల పేర్లు ఉండేది ఇత్తడి సామాన్ల మీద. బిందెలు గంగాళాలు చెంబులు, పెళ్లికి పుట్టింటోళ్లు పెట్టినవన్నీ పేరు కొట్టించి ఇచ్చేవాళ్లు కదా, అటక మీద చూడు, అమ్ముకోకుండా ఉంటే ఉంటాయి. మా ఇంట్లో సంక్రాంతికి పెద్దలకి పెట్టుకుంటాం, కొత్త కోక, పంచె ఫోటోల ముందు పెట్టి గారెలు పరవాన్నం గుమ్మడికాయ పులుసు ఆకులో వడ్డించి సాంబ్రాణి వేసి తలుపు దగ్గరగా వేసి కాసేపు బయట కూర్చుంటాం, వాళ్లు తినే టైమని. చిన్నప్పుడు ఆ తలుపు సందులోంచి తొంగి చూసేదాన్ని, ఇప్పుడు మా పిల్లలు చూస్తారు. కానీ నాకు మా జేజి (నాయనమ్మ) దగ్గరగా వచ్చేది పండగ రోజు కాదు, బొమ్మిడాయిల పులుసు కాచిన రోజు. ఆమెకి ప్రాణం అది, చింతపండు పులుపు ఎంతో మామిడికాయ ఎంతో నాకు చేత్తో చూపించింది, ఇప్పటికీ ముందు ఒక గిన్నెలో ఆమెకి తీసి పక్కన పెట్టి, ఈసారి ఎట్టా కుదిరింది జేజీ అని పైకే అడుగుతా. మీ పాపకి వంట నేర్పేటప్పుడు ఇది ఎవరి చేతి వంటో చెప్పు చాలు. కాకి రాకపోతే ఆవుకి పెట్టొచ్చు, మా వైపు అట్టనే చేస్తారు. అమ్మమ్మ, జేజి ఎవరన్నా పసుపుకుంకాలతో పోయుంటే అవిధవా నవమి వాళ్లదే, భాద్రపద బహుళ నవమి, అది మర్చిపోబాక.

కావలి పిల్లోడు:
అక్కా, మీ మెసేజ్ చదవంగానే అమ్మకి ఫోన్ చేశా. అటక దాకా పోనవసరం లేకపాయె, ఆమె రోజూ బియ్యం పోసుకునే గంగాళమే. చింతపండు పెట్టి తోమి ఫోటో పంపింది, అంచు కింద చుక్కలు చుక్కలుగా ఒక ఆడమనిషి పేరు, ముందు మాది కాని ఇంటిపేరు. నేను చిన్నప్పుడు దాని మీద ఎక్కి కూర్చునేవాణ్ణి. కలిగిరిలో మా మేనత్త ఉంది, ఎనభై దాటింది, ఆ ఇంటిపేరు వినంగానే మా జేజికి అత్తగారి పుట్టింటోళ్లు అంది, కొండాపురం వైపు వాళ్లంట. పేరు మాత్రం గుర్తు రాలేదు, అందరూ పెద్దమ్మ అనే పిలిచేవాళ్లంట. ఆదివారం పాపని తీసుకోని అత్త దగ్గరికి పోతున్నాం, గంగాళం కూడా బండిలో పెట్టుకోని. పేరులో మొదటి అక్షరం అరిగిపోయింది, సు అనుకుంటే సు, ను అనుకుంటే ను. కాగితం వేసి పెన్సిల్‌తో రుద్దితే తేలుతుందా, మీలో ఎవరన్నా చేసి చూశారా?