నెట్‌బాల్ ఎంపికల్లో 20 మీటర్ల షటిల్ రన్ ఒక్కటే ప్రమాణం కావాలా?

చర్చ ప్రారంభించినవారు (క్రీడాకారిణి తండ్రి):
మా ప్రాంతంలోని నెట్‌బాల్ ఎంపికల్లో, షటిల్ రన్‌లో (20 మీటర్ల దూరంలోని రెండు గీతల మధ్య వేగం పెంచుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే పరీక్షలో) నిర్ణీత స్థాయి దాటని అమ్మాయిలను ఆట ఆడించి చూడకుండానే పక్కన పెడుతున్నారు. మా అమ్మాయి గోల్ కీపర్. ఈ ఆటకు తగిన పరీక్షను విడిగా రూపొందించుకోవాలా, లేక అందరికీ తెలిసిన ఈ పరీక్షే న్యాయమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కోచ్:
గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికి అర కిలోమీటరు చొప్పున పెరిగే ఆ పరీక్ష, ఆగకుండా ఎంతసేపు పరుగెత్తగలరో చెబుతుంది. నెట్‌బాల్‌లో అటువంటి పరుగు అరుదు. నాలుగడుగుల ఉరుకు, ఒక్కసారిగా ఆగడం, ఎగిరి బంతి అందుకోవడం, 3 సెకన్లలోపు దాన్ని వదలడం, వెంటనే ఖాళీ వెతుక్కోవడం: 15 నిమిషాల క్వార్టర్లు నాలుగింటిలోనూ సాగేది ఇదే. పైగా కోర్టు పొడవు 30.5 మీటర్లు, వెడల్పు 15.25 మీటర్లు. గోల్ కీపర్ కోర్టులో తమ గోల్ వైపున్న మూడో వంతు భాగం దాటి రాకూడదు. ఆ భాగాన్ని ఐమూలగా కొలిచినా 18 మీటర్ల పైచిలుకే వస్తుంది కాబట్టి, తిన్నగా 20 మీటర్లు పరుగెత్తే చోటే ఆమెకు మ్యాచ్‌లో ఉండదు. అవతలి కొసన గోల్ వేసే గోల్ షూటర్ పరిస్థితీ అంతే. సెంటర్ స్థానంలో ఆడే అమ్మాయి మాత్రం గోల్ స్తంభాల ముందుండే గోల్ వలయాలు తప్ప కోర్టంతా తిరుగుతుంది. ఈ ముగ్గురికీ ఒకే గీత పెట్టడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది. 2018 ఐపీఎల్‌లో 602 పరుగులు చేసిన అంబటి రాయుడు, షటిల్ రన్ లాంటిదే అయిన యో-యో పరీక్షలో తప్పి ఇంగ్లండ్ పర్యటనకు దూరమైన సంగతి మనందరికీ గుర్తుంది.

వ్యాయామ ఉపాధ్యాయిని:
కోచ్ గారూ, రాయుడి ఉదాహరణ నా వాదనకే బలమిస్తుంది. దాటవలసిన గీత ఏదో ముందే తెలుసు కనుకే ఆయన సాధన చేసి దాన్ని దాటారు, అదే ఏడాది జట్టులోకి తిరిగి వచ్చారు. పల్లెటూరి బడిలో చదివే పిల్లకు ఆ అవకాశం ఇంకా ముఖ్యం, ఎందుకంటే సున్నంతో రెండు గీతలు గీసుకుంటే ఆమె షటిల్ రన్‌ను ఎక్కడైనా సాధన చేయగలదు. ఈ ఆట కోసం విడిగా బంతితో పరీక్ష పెడితే, అందులో బంతి విసిరే మనిషి మారితే ఫలితమూ మారుతుంది. బంతి చేజారినప్పుడు అది అలసట వల్లనో, నైపుణ్యం చాలకనో ఎవరు తేలుస్తారు? ఆ సందిగ్ధంలోనే పక్షపాతం చొరబడుతుంది.

ఫిజియోథెరపిస్టు:
ఇద్దరూ పరుగు దగ్గరే ఆగారు. బంతి అందుకున్నాక మొదట నేలకు ఆనిన పాదాన్ని ఎత్తితే, మళ్ళీ ఆనించేలోపు బంతి వదలాలన్న నియమం వల్ల ఈ ఆటలో ఆగడం చాలా హఠాత్తుగా జరుగుతుంది, ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది. ఆస్ట్రేలియా నెట్‌బాల్ సంస్థ మోకాళ్ళ రక్షణ కోసం ప్రత్యేక వ్యాయామ కార్యక్రమాన్నే రూపొందించింది. ఎగిరి ఒంటికాలిపై దిగి నిలదొక్కుకోవడం, ఆ క్షణంలో మోకాలు లోపలికి వాలుతోందా అని చూడడం ఏ పరీక్షలోనైనా ఉండాలి. అయితే ఆ ఫలితం తొలగించడానికి కాక, శిక్షణ ఎక్కడ అవసరమో తెలుసుకోవడానికే ఉపయోగపడాలి.

కోచ్:
మేడమ్ గారూ, బంతి విసిరే మనిషి గురించి మీరన్నది నిజం. 2005లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఫారో, యంగ్, బ్రూస్ నెట్‌బాల్ కోసం చురుకుదనం పరీక్షను రూపొందించినప్పుడు, బంతి విసిరే క్రీడాకారిణిని వీడియోగా తెరపై చూపించారు. అందువల్ల ప్రతి అమ్మాయికీ ఒకే సంకేతం అందుతుంది. బడిలో పెద్ద తెర ఉంటే, దాని ముందు నాలుగు మీటర్ల ఖాళీ దొరికితే, ఫోనులో తీసిన వీడియోతో మనమూ ప్రయత్నించవచ్చు. ముందే తెలిసిన దారిలో మలుపు తిరగడం వేరు, ఎదుటివారి చేతి కదలికను చదివి తిరగడం వేరు. నెట్‌బాల్‌కు కావలసింది రెండోది. షటిల్ రన్‌ను సెంటర్‌కూ, కోర్టు పక్కల ఆడే వింగ్ స్థానాలకూ ఉంచుదాం. షూటర్, కీపర్లకు మాత్రం 5, 10 మీటర్ల ఉరుకులను కొద్దిపాటి విరామంతో పదేపదే చేయించి, చివరి ఉరుకుల్లో వేగం ఎంత తగ్గిందో చూద్దాం.

వ్యాయామ ఉపాధ్యాయిని:
ఒక షరతుపై అంగీకరిస్తాను. కొత్త పరీక్షను అవే పిల్లలకు వారం వ్యవధిలో రెండుసార్లు పెట్టండి. ఒకే అమ్మాయి రెండు ఫలితాల మధ్య తేడా, ఇద్దరమ్మాయిల మధ్య తేడా కంటే ఎక్కువగా ఉంటే దాన్ని ఎంపికలకు వాడకూడదు. అది తేలేవరకు షటిల్ రన్ మార్కులను నమోదు చేద్దాం, కానీ వాటి ఆధారంగా ఏ గోల్ కీపర్‌నూ ఆట చూడకుండా ఇంటికి పంపవద్దు.