రహీం సాబ్ 1963లో పోకుండా ఉంటే మన ఫుట్‌బాల్ ఇలా అయ్యేదా?

పాత గ్యాలరీ:
సూటిగా అడుగుతున్నాను. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న రోజుల్లో ఇండియా 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీస్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. 1963 జూన్ 11న క్యాన్సర్ ఆయన్ని తీసుకుపోయింది. అప్పటినుంచి మన జట్టు ఒక్క ఒలింపిక్స్‌లోనూ ఆడలేదు. ఇది ఊరికే కలిసొచ్చిన లెక్క అంటే నేను నమ్మను. ఆయనతోనే మన ఫుట్‌బాల్ పోయింది. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

ఎడమ వింగ్:
నేను కాదంటాను గ్యాలరీ గారూ. ఆయన పోయిన మరుసటి ఏడాదే, 1964లో, ఆసియా కప్‌లో మనం రన్నరప్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం. పోయిన మనిషితోపాటే ఆట కూడా పోయి ఉంటే ఇవి ఎలా వచ్చాయి?

పాత గ్యాలరీ:
ఆ 1970 జట్టు కోచ్‌లలో ఒకరు పి.కె. బెనర్జీ. 1956, 1960 ఒలింపిక్స్‌లోనూ, 1962 ఆసియా క్రీడల్లోనూ రహీం దగ్గర ఆడిన ఫార్వర్డ్ ఆయన. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాద్ మైదానాల్లో పెరిగినవాడు. అంటే అది కూడా రహీం నాటిన చెట్టు కాయే కదా! మీ ఉదాహరణ నా మాటకే బలం.

ఫతే మైదాన్ మనవడు:
మా తాతయ్య ఆ రోజుల్లో హైదరాబాద్ ఫతే మైదాన్‌లో మ్యాచ్‌లు చూసినవాడు, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. రహీం గొప్పతనాన్ని పతకాలతో కొలుస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఆటగాడిగా ఆయనకు దేశమంతా తెలిసిన పేరేమీ లేదు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడారు, తర్వాత బడిలో టీచర్ అయ్యారు. నా ఉద్దేశంలో ఆయన అసలు బలం ఆ టీచర్‌తనమే. హైదరాబాద్‌లో కుర్రాళ్లకు ఒక పోటీ పెట్టేవారు. అందులో అలవాటైన కాలితో బంతిని తన్నకూడదు, రెండో కాలితోనే ఆడాలి. ఒక్క సీజన్ అలా ఆడిన పిల్లాడు ఏ వైపునుంచి బంతి వచ్చినా తడబడడు. ఆయన కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నీ ఊరికే గెలవలేదు.

1952 హెల్సింకీ కూడా మర్చిపోవద్దు. యుగోస్లావియా మనల్ని 10-1తో ఓడించింది. మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడిన మ్యాచ్ అది. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద 4-2, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీస్‌లో అదే యుగోస్లావియా మీద ముందు గోల్ కొట్టింది మనమే. చివరికి 4-1తో ఓడిపోయాం, నిజమే. కానీ 10-1 నుంచి అక్కడికి రావడానికి ఎంత పని జరిగి ఉండాలో ఆలోచించండి.

స్టాపర్ నంబర్ 5:
బ్రెజిల్ కంటే ముందే 4-2-4, అంటే వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఆడే పద్ధతి, కనిపెట్టింది రహీం సాబే. అది ఎవరూ రాయరేం?

ఎడమ వింగ్:
అన్నా, అది కొంచెం ఎక్కువ చేసి చెప్పడం. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి లాగి ఆడించే, 4-2-4కు దగ్గరి పద్ధతితో హంగరీ 1953లోనే వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. బయట జరుగుతున్నది చూసి, అర్థం చేసుకుని, మన కుర్రాళ్ల ఒంటికి సరిపోయేలా మలిచారు రహీం. నాకైతే అదే పెద్ద విషయం. లేనిది అంటగడితే ఉన్నది కూడా జనం నమ్మరు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. జకార్తాలో మనం జపాన్‌ను 2-0తో ఓడించాం. అప్పటికే జపాన్ జర్మనీ నుంచి డెట్మార్ క్రామర్ అనే కోచ్‌ను పిలిపించుకుని ఉంది. 1965లో దేశమంతటికీ ఒక లీగ్ మొదలుపెట్టింది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకుంది. మన చేతిలో ఓడిన ఆరేళ్లకు! మనకు జాతీయ లీగ్ ఎప్పుడొచ్చింది? 1996లో. మధ్యలో 30 ఏళ్లు ఏం చేశాం? ప్రపంచమంతా 90 నిమిషాలు ఆడుతుంటే ఇక్కడి టోర్నీల్లో 70 నిమిషాల మ్యాచ్‌లే చాలాకాలం నడిచాయి. చివరి 20 నిమిషాల్లో కాళ్లు లాగేస్తుంటే ఏ కోచ్ మాత్రం ఏం చేయగలడు? రహీం ఇంకో పదేళ్లు బతికినా ఒక్కడే ఆ బరువంతా మోయాల్సి వచ్చేది. పోయినాయన మీదకు నెట్టేసి, బతికున్నవాళ్లు చేయని పనిని మనం మాఫీ చేస్తున్నాం. నా కోపం అదీ.

ఫతే మైదాన్ మనవడు:
దీనికి ఒక మాట కలుపుతాను. అదే 1963లో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు, ఫార్వర్డ్ తులసీదాస్ బలరాం కూడా అనారోగ్యంతో ఆట మానేశాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినవాడు, ఇంకా ముప్పై కూడా నిండలేదు. ఒకే ఏడాదిలో కోచ్ పోయాడు, అంతటి ఆటగాడు ఆగిపోయాడు. వాళ్ల జాగాలో నిలబడటానికి వెనక వరస సిద్ధంగా లేదు. రెండో కాలి పోటీల్లాంటివి ఒక మనిషి పట్టుదలతో నడిచాయి తప్ప, ప్రతి ఊళ్లో ప్రతి బడిలో నడవాలని ఎవరూ రూలు పెట్టలేదు.

పాత గ్యాలరీ:
జపాన్ సంగతి ఈ వైపునుంచి నేనెప్పుడూ చూడలేదు ఎడమ వింగ్ గారూ. 1965, 1996 పక్కపక్కన పెట్టి చూస్తే గుండె బరువెక్కింది. "ఆయనతోనే పోయింది" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఒకటి మాత్రం వదులుకోను. జకార్తాలో థాయిలాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. అలాంటి డిఫెండర్‌ను ఇంకో కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని సెమీస్‌లో ఫార్వర్డ్‌గా దించారు, ఫైనల్లోనూ దించారు. గ్రౌండ్‌లో దాదాపు లక్షమంది, ఎక్కువమంది మనకు వ్యతిరేకంగానే అరుస్తున్నారు. పి.కె. ఒకటి, జర్నైల్ ఒకటి. దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే రహీం ఒంట్లో ఆ జబ్బు ఉంది. లీగ్ ఉండి ఉంటే ఆటగాళ్లు ఇంకా వచ్చేవాళ్లు, ఒప్పుకుంటాను. తలకు కట్టుతో ఉన్న డిఫెండర్‌ను చూసి ఇతను ఈ రోజు గోల్ కొడతాడని అనుకున్న కన్ను మాత్రం రహీం సాబ్‌దే.