ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక నాన్నగారిని ఊరికి కారులో ఎలా తీసుకెళ్లాలి?

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. సోమవారం విజయవాడలో ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది, పొట్ట కొయ్యకుండా మూత్రనాళం గుండా చేసేది. రేపు డిశ్చార్జి. ట్యూబు, యూరిన్ బ్యాగు మాత్రం ఇంకో ఐదు రోజులు ఉంటాయట.

ఉయ్యూరు, పామర్రు మీదుగా అవనిగడ్డ వెళ్లాలి. కరకట్ట మీదుగానూ వెళ్లొచ్చు గానీ కుదుపులంటే భయంగా ఉంది. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, ట్యూబు మెలిపడకూడదు అని నర్సమ్మ చెప్పారు. మరి కారులో దాన్ని ఎక్కడ తగిలించాలి? ముందు సీటు మేలా, వెనకా? దారిలో నిండితే మీరేం చేశారు?

ఇంట్లో ఉన్నది కింద కూర్చునే దొడ్డి. ముక్కకూడదన్నారు కాబట్టి కమోడ్ కుర్చీ కొందామనుకుంటున్నా. ప్లాస్టిక్‌ది ఆగుతుందా, మనిషి కాస్త భారీ. నీళ్లు బాగా తాగమంటే, బ్యాగు మాటిమాటికీ ఖాళీ చేయాలని మమ్మల్ని చూసి మొహమాటపడి మానేస్తున్నారు! బార్లీ నీళ్లు, మజ్జిగ ఇస్తే తాగుతారేమో.

ఇప్పుడు మూత్రం లేత గులాబీ రంగులో వస్తోంది, కొన్నాళ్లు మామూలేనన్నారు. రక్తం గడ్డలు పడి ట్యూబు మూసుకుపోయినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మన్నారు. అర్ధరాత్రి అలా అయితే దగ్గరని మచిలీపట్నం వెళ్లాలా, విజయవాడకే రావాలా? నాకు అసలు టెన్షన్ ఇదే.

ఇంకోటి, ఇంట్లో రెండు గేదెలున్నాయి. బరువులెత్తొద్దన్నా తెల్లారేసరికి గడ్డిమోపు దగ్గర ఉంటారీయన. ఇలాంటి మనిషిని ఆరు వారాలు ఎలా కూర్చోబెట్టారో అనుభవమున్నవాళ్లు చెప్పండి. రేపు పదకొండింటికి బయలుదేరుతున్నాం.