హాల్లో చూసి వేసిన మార్కు, ఇంట్లో చూసి వేసిన మార్కు: రెండూ కలిపి సగటు తీయొచ్చా?

మూడో వరుస (చర్చ మొదలుపెట్టినవారు):
ఈమధ్య చూసిన సినిమాలకు అందరం పదికి ఇంత అని మార్కులు వేసి, నెలాఖరున సగటు తీస్తున్నాం కదా. అందులో ఒక తిరకాసు ఉంది. ఒకే సినిమాకి ఒకరు 8.5 వేస్తారు, ఇంకొకరు 5 వేస్తారు. ఇక కింద యుద్ధం. పదిహేను వ్యాఖ్యలయ్యాక తేలేదేమిటంటే మొదటివారు హాల్లో చూశారు, రెండోవారు ఫోన్లో, అదీ ఒకటిన్నర స్పీడులో చూశారు. రెండూ కూడి రెండుతో భాగిస్తే 6.75 వస్తుంది. అది ఇద్దరిలో ఎవరి అభిప్రాయమూ కాదు.
అందుకని నా ప్రతిపాదన ఇది: పట్టికలోకి హాల్లో చూసిన మార్కులే వెళ్లాలి. ఇంట్లో చూసినవాళ్లు అభిప్రాయం రాయొచ్చు, అంకె వేయకూడదు. అభ్యంతరాలుంటే చెప్పండి.

సోఫా సంఘం:
ఇదేం పంక్తిభేదం గురూ? నేరుగా ఓటీటీలో విడుదలైన సినిమాల గతేంటి? వాటికి మార్కే ఉండదా? పాత సినిమాల సంగతో? ‘మాయాబజార్’ వచ్చింది 1957లో. 2010లో మళ్లీ హాళ్లలో వేసినప్పుడు రంగులద్ది, సినిమాస్కోప్‌కి మార్చి, డీటీఎస్ శబ్దంతో వేశారు. మీ నియమం ప్రకారం ఆ మార్చిన రూపం చూసినవారి అంకె చెల్లుతుంది. నలుపు తెలుపులో, పాత 4:3 ఫ్రేములో, తీసినవాళ్లు తీసినట్టుగా ఇంట్లో చూసినవారి అంకె చెల్లదు. తలా తోకా ఉందా దీనికి?

మూడో వరుస:
పాతవాటికి, నేరుగా ఓటీటీకి వచ్చినవాటికి మినహాయింపు ఇద్దాం, ఆ మాట ఒప్పుకుంటున్నాను. కానీ పెద్ద తెర కోసం తీసిన కొత్త సినిమాని చిన్న తెర మీద చూసి "మాటలు వినపడలేదు, చీకట్లో ఏం జరిగిందో తెలీలేదు, 4/10" అనడం ఏం సబబు? అది సినిమా తప్పా, మీ టీవీ తప్పా?

ధ్వని పెట్టె:
చాలాసార్లు టీవీ తప్పే. అయితే దాన్ని పావుగంటలో సరిచేసుకోవచ్చు. కాబట్టి ఇంటి మార్కులు తీసేయమనడం ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టుకున్నట్టే. మాటలు ఎందుకు వినపడవో ముందు చూద్దాం.
5.1 మిక్సులో, అంటే శబ్దాన్ని ఆరు ఛానెళ్లకు పంచిన ట్రాకులో, మాటలు దాదాపు మొత్తం సెంటర్ ఛానెల్లో (మధ్య స్పీకర్లో) ఉంటాయి. చాలా టీవీలకు ఉండేవి రెండు స్పీకర్లు, అవీ కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. 5.1ని రెండింటిలోకి కుదించేటప్పుడు సెంటర్‌ని 3 డెసిబెల్స్ తగ్గించి కుడి ఎడమలకు పంచడం మామూలు పద్ధతి. అవే స్పీకర్లలోకి సంగీతం, పేలుళ్లు, పక్క ఛానెళ్లు కూడా వచ్చి పడతాయి. మాటల కోసం వాల్యూమ్ పెంచుతారు, వెంటనే పోరాట సన్నివేశం వచ్చి చెవులు చిల్లులు పడతాయి.
రెండో కారణం స్థాయి. హాలు మిక్సు చేసే గదిలో ఒక్కో తెర వెనక ఛానెల్‌నీ 85 డెసిబెల్స్‌కి అమరుస్తారు. గుసగుసకీ పేలుడుకీ మధ్య ఎడం ఆ స్థాయిని నమ్ముకుని పెట్టింది. ఇంట్లో అంత గట్టిగా ఎవరూ పెట్టరు. వాల్యూమ్ తగ్గించేసరికి గుసగుస ఫ్యాను చప్పుడు కిందికి జారిపోతుంది.
చేయాల్సింది: ఆడియో మెనూలో 5.1తో పాటు స్టీరియో ట్రాకు కూడా ఉంటే, విడి స్పీకర్లు లేనివాళ్లు స్టీరియోనే ఎంచుకోవాలి. సౌండ్‌బార్ ఉంటే టీవీ ఆడియో అవుట్‌పుట్ అందుకు తగ్గట్టు పెట్టారో లేదో చూడాలి. రాత్రిపూట ‘నైట్ మోడ్’ వేస్తే ఆ ఎడం తగ్గి మాటలు తేలతాయి. కాకపోతే అప్పుడు సౌండ్ డిజైన్‌కి మార్కు వేసే అర్హత ఉండదు, ఎందుకంటే దాన్ని చదును చేసి విన్నారు.

ఇరవై నాలుగో ఫ్రేము:
బొమ్మ సంగతి నేను చెప్తా. "సినిమా సీరియల్‌లా ఉంది, చవకగా తీశారు" అని రాసేవాళ్లు ముందు టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ మధ్యమధ్య లేని ఫ్రేముల్ని సొంతంగా కల్పించి కదలికని నున్నగా చేస్తుంది. సోనీలో మోషన్‌ఫ్లో అంటారు, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. 2018 డిసెంబర్‌లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్‌క్వారీ దీన్ని ఆపేయమని ప్రత్యేకంగా వీడియో పెట్టారు. మరుసటి ఏడాది ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ అనే అమరిక ప్రకటించారు. అది ఒక్కటి నొక్కితే స్మూతింగ్, అదనపు పదును, నాయిస్ తగ్గింపు అన్నీ ఆగిపోతాయి. అది లేని టీవీలో ‘సినిమా’ మోడ్ పెట్టి, స్మూతింగ్ విడిగా ఆపాలి. మోడ్ మార్చినంత మాత్రాన అన్ని టీవీల్లోనూ అది ఆగదు.
చీకటి సన్నివేశాలకి మూడు అడ్డంకులు. ఒకటి గదిలో వెలుతురు: తెర మీద పడి నలుపుని బూడిద చేస్తుంది, ఆ బూడిదలో వివరాలు మునిగిపోతాయి. రెండు, ఎకో మోడ్ లేదా గది వెలుతురు సెన్సార్: చీకట్లో టీవీ తనంతట తానే మసకబారుతుంది. మూడు, తక్కువ డేటాతో వచ్చే స్ట్రీమ్: చీకటి చోట్లే ముందు గడులు గడులుగా విరుగుతుంది. మొదటి రెండింటికి కర్టెను, మెనూ చాలు. మూడోదానికి యాప్‌లో డేటా సేవర్ తీసేయాలి.

సోఫా సంఘం:
చూశారా, ఇవన్నీ సరిచేసుకుంటే ఇంటికేం లోటు? ఫోన్ని కూడా మరీ తీసిపారేయకండి. లెక్క చెప్తా. 55 అంగుళాల టీవీ వెడల్పు 48 అంగుళాలు. 8 అడుగుల దూరంలో కూర్చుంటే కంటికి అది దాదాపు 28 డిగ్రీలు. ఆరున్నర అంగుళాల 20:9 ఫోన్ని అడ్డంగా తిప్పి అడుగు దూరంలో పట్టుకుంటే, స్కోప్ సినిమా (2.39:1, బాగా వెడల్పాటి ఫ్రేము) దాదాపు అదే 28 డిగ్రీలు. మరి టీవీ మార్కు చెల్లి, ఫోను మార్కు ఎందుకు చెల్లదు?

ఇరవై నాలుగో ఫ్రేము:
లెక్క తప్పేం కాదు, కానీ సగమే చెప్పారు. మీరన్నది 2.39 ఫ్రేముకే. 16:9లో తీసినదైతే అదే ఫోన్లో అటూ ఇటూ నల్ల పట్టీలొచ్చి 22 డిగ్రీలకు పడిపోతుంది. పట్టీలు నచ్చక వేళ్లతో సాగదీసి తెర నింపుతారు. అప్పుడు పైనా కిందా కలిపి ఫ్రేము ఎత్తులో అయిదో వంతు తెగిపోతుంది. తర్వాత "క్లోజప్పులు ఎక్కువైపోయాయి, తలలు కట్ చేశారు" అని రివ్యూ! పైగా ఫోను స్పీకర్లో బాస్ అనేదే ఉండదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది.

చీకటి గది:
అందరూ ఇంటినే బోనులో నిలబెడుతున్నారు. హాలు మాత్రం ప్రామాణికమని ఎవరన్నారు? కాగితం మీద ప్రామాణికమే: డిజిటల్ సినిమాకి తెర మధ్యలో 14 ఫుట్‌లాంబర్ట్‌లు, అంటే 48 నిట్స్ కాంతి ఉండాలి. ప్రొజెక్టర్లోని జినాన్ లాంపు పాతబడేకొద్దీ కాంతి తగ్గుతుంది, మార్చడం వాయిదా పడుతుంది. త్రీడీ షో అయితే కళ్లజోడు ఇంకా మింగేస్తుంది.
శబ్దమూ అంతే. హాలు సౌండ్ ప్రొసెసర్ మీద ఫేడర్ (వాల్యూమ్ మీట) 7 దగ్గర ఉంటే మిక్సు చేసిన స్థాయి. ప్రేక్షకులు గట్టిగా ఉందని గొడవ చేస్తే 5కి దించుతారు. రెండు గీతలే కదా అనుకోకండి, దాదాపు ఆరున్నర డెసిబెల్స్ పడిపోయినట్టు. టికెట్టు కొన్న సగటు ప్రేక్షకుడికి ఇవేవీ తెలియవు. "మాటలు వినపడలేదు" అని హాలు ప్రేక్షకుడు రాసినా అది సినిమా తప్పో ఫేడర్ తప్పో ఎలా తేలుతుంది? ఇంట్లో కనీసం రిమోట్ మన చేతిలో ఉంటుంది.
కూర్చున్న చోటు కూడా ఉంది. తెర నుంచి వెనక గోడ దాకా ఉన్న దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర శబ్దాన్ని కొలిచి సరిచేస్తారు. మొదటి వరుస చివరి కుర్చీలో కూర్చుంటే ఎడమ స్పీకరే సినిమా మొత్తం.

మూడో వరుస:
పేరులోనే మూడో వరుస పెట్టుకున్నవాణ్ని పట్టుకుని ఈ మాటా! సరే, హాలు కొలత ఖచ్చితం కాదని ఒప్పుకున్నా. అయినా హాల్లో ఒకటి మాత్రం ఖాయం: సినిమా ఆగదు. ఇంట్లో మధ్యలో ఫోన్ చూస్తారు, మూడు విడతలుగా చూస్తారు, స్పీడు పెంచుతారు. కథని ముక్కలు చేసి "స్క్రీన్‌ప్లే అతుకులబొంత" అంటారు.

సగటు మనిషి:
మీరంతా బొమ్మ, శబ్దం అంటున్నారు. అంకెల్లో తేడాకి వాటికన్నా పెద్ద కారణం ఒకటుందని నా వాదన: ఎవరు చూశారన్నది. హాలుకి వెళ్లినవాడు ఆ దర్శకుడో నటుడో నచ్చే వెళ్తాడు, సమయం డబ్బు పెట్టి వెళ్తాడు. కొంత ఇష్టం ముందే ఉంది. ఓటీటీలో ఎదురుగా కనిపించింది కదా అని నొక్కినవాడికి ఆ ఇష్టం లేదు. అతని 5, అభిమాని 8.5 రెండూ నిజాయితీ గల మార్కులే కావచ్చు. టీవీ మోడ్ మార్చినంత మాత్రాన ఆ మూడున్నర తేడా పోదు.
దీనికి తోడు నలభై నిమిషాలు చూసి ఆపేసినవాళ్లు. వాళ్లు అసలు మార్కు వేయకపోతే సగటు పైకి పోతుంది, అందరూ 2 వేస్తే పాతాళానికి పోతుంది. ఆపేసినవాటికి అంకె వద్దు, ‘ఆపాను, ఇన్ని నిమిషాల దగ్గర’ అని రాయాలి. ఇరవైమందిలో ఎనిమిదిమంది గంట లోపే ఆపారన్నది ఏ సగటుకన్నా ఎక్కువ చెప్తుంది.
ఇక మన సగటు తీసే పద్ధతే తప్పు. ఇద్దరు అభిమానులు చెరో పది వేసిన సినిమా 10తో పట్టికలో మొదట కూర్చుంటుంది. ఇరవైమంది చూసి 8.2 ఇచ్చింది రెండోది. సినిమాల సైటు ఐఎండీబీ తన టాప్ 250 జాబితాకి వాడుతున్నానని ప్రకటించిన సూత్రం లాంటిదే మనమూ వాడొచ్చు. ప్రతి సినిమాకీ మన మొత్తం పట్టిక సగటుతో అయిదు ఉత్తుత్తి ఓట్లు ముందే వేసేయాలి. పట్టిక సగటు 6.5 అనుకుంటే మొదటిది (20 + 32.5) ÷ 7 = 7.5. రెండోది (164 + 32.5) ÷ 25 = 7.86. వరుస తారుమారైంది చూడండి. ఓట్లు పెరిగేకొద్దీ ఆ అయిదు ఉత్తుత్తి ఓట్ల బలం అదే తగ్గిపోతుంది.

సోఫా సంఘం:
అంత లెక్క ఎందుకు, రివ్యూల సైటు రాటెన్ టొమాటోస్‌లా బాగుంది, బాలేదు అని శాతం తీస్తే సరిపోదా?

సగటు మనిషి:
ఆ శాతం చెప్పేది ఎంతమందికి నచ్చిందని. ఎంత నచ్చిందని కాదు. అందరూ పదికి 6 వేసిన సాదాసీదా సినిమాకి అక్కడ 100 శాతం రావచ్చు. సగంమందికి ప్రాణం, సగంమందికి విసుగు అయిన సినిమా 50 దగ్గర ఆగి, ‘కుళ్లింది’ ముద్ర వేయించుకుంటుంది. అక్కడ గీత 60. ఇక్కడ జనం ఎక్కువగా మాట్లాడుకునేది ఆ రెండో రకం సినిమాల గురించే.

ధ్వని పెట్టె:
పావు మార్కులు కూడా తీసేయండి దయచేసి. రివ్యూల్లో అయిదుకి వేసే 2.75కీ 3కీ తేడా ఏంటో వేసినవారినే వారం తర్వాత అడగండి. "మూడు ఇవ్వడానికి మనసు రాలేదు, రెండున్నర ఇస్తే హీరో అభిమానులు ఊరుకోరు" అనడానికి మర్యాదపూర్వకమైన పేరు ముప్పావు. పదికి అరమార్కు అంటే ఇరవై మెట్లు. చాలు.

మూడో వరుస:
సరే, నా ప్రతిపాదన సవరిస్తున్నా. ఇంటి మార్కులూ పట్టికలోకి వస్తాయి. కానీ అంకె పక్కన ఒక వరుస తప్పనిసరి: ఎక్కడ చూశారు, శబ్దం దేంట్లో విన్నారు, ఎన్ని విడతలు, అసలు భాషా డబ్బింగా. ఉదాహరణకి: "7 – టీవీ 55, స్టీరియో, ఒకే విడత, డబ్బింగ్." హాలైతే "8 – హాలు, వెనక సగం, త్రీడీ." ఈ వరుస లేని అంకె లెక్కలోకి రాదు. సగటు హాలుకొకటి, ఇంటికొకటి అని రెండు కాలమ్‌లుగా వస్తుంది, రెండింటికీ అయిదు ఉత్తుత్తి ఓట్ల పద్ధతే. తేడా ఒకటిన్నర దాటిన సినిమాలకి విడిగా చర్చ పెడదాం.

చీకటి గది:
నాకు సమ్మతమే, ఒక చేర్పుతో. డబ్బింగ్‌లో చూసినవాళ్లు నటన గురించి రాస్తే గొంతు సంగతి వదిలేయాలి. ఆ గొంతు ఆ నటుడిది కాదు. సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లు "కెమెరా పనితనం ఏమీ లేదు" అనేముందు కాస్త ఆలోచించాలి. కళ్లు సగం సేపు తెర అడుగునే ఉంటాయి మరి.

సోఫా సంఘం:
స్పీడు సంగతి తేల్చలేదు. 1.25లో చూస్తే గొంతులు మారవు, యాప్ శ్రుతి సరిచేస్తుంది. రెండున్నర గంటల సినిమా రెండు గంటల్లో అయిపోతుంది. అంతలో కొంప మునిగిందా?

ఇరవై నాలుగో ఫ్రేము:
శ్రుతి మారదు, లయ మారుతుంది. ఎడిటర్ అయిదు సెకన్లు ఉంచిన మౌనం నాలుగే అవుతుంది. నవ్వు తర్వాత ఇచ్చిన ఖాళీ పోతుంది, పాట తాళం పరిగెడుతుంది. ఆ మార్కు వేగం గురించి తప్ప ఇంకేం చెప్పినా వినొచ్చు. "సాగదీశారు" అన్న మాట మాత్రం 1.25 వాళ్ల నోట రాకూడదు.

సోఫా సంఘం:
1.25లో కూడా సాగినట్టనిపిస్తే?

ఇరవై నాలుగో ఫ్రేము:
అప్పుడు రాయండి, స్పీడు కూడా రాయండి. ఆ సినిమాకి అంతకన్నా పెద్ద విమర్శ లేదు.

మూడో వరుస:
వరుసలో స్పీడు కూడా చేర్చాను. ఈ నెల మార్కులు ఇక ఈ పద్ధతిలోనే వేయండి. పాత అంకెల్ని ముట్టుకోను, వాటి పక్కన ‘వివరం లేదు’ అని ఉంటుంది.